8.45 అంటే ఎనిమిదిన్నర కూడా కాదు

ప్రశ్న: మేడమ్, నేను అకౌంట్స్‌లో చేరి నాలుగు నెలలైంది. నలభై మంది అటెండెన్స్ చూసే పని నాకు అప్పగించారు. పంచింగ్ మెషిన్ నుంచి వచ్చే ఫైల్‌ని ఎక్సెల్‌లో పెట్టి, నెలలో ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో తేల్చి ఇవ్వాలి. నైట్ షిఫ్ట్ వాళ్ల దగ్గర గంటలకు బదులు వరసగా #### గుర్తులు వస్తున్నాయి. ఒకాయన నెలలో 26 రోజులు వచ్చినా మొత్తం దగ్గర 16:00 అని చూపిస్తోంది. ఈ గొడవ పడలేక, నాకు ముందు ఈ సీట్లో ఉన్నాయన చేసినట్టే 8 గంటల 45 నిమిషాలను 8.45 అని చేత్తో కొట్టి కూడేస్తున్నాను. ఇప్పుడు ఇద్దరు ముగ్గురు గంటలు తగ్గాయని వచ్చి అడుగుతున్నారు. నెలాఖరు వస్తోందంటే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. తప్పు ఎక్కడుంది? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ 8.45 సంగతి చూద్దాం. మిగతా రెండూ కంటికి కనిపించే తప్పులు. షీటే మిమ్మల్ని పిలిచి చెబుతోంది. ఇది మాత్రం చప్పుడు చేయదు. రోజూ మనిషి కష్టంలోంచి కొంచెం కొంచెం కోసేస్తూ పోతుంది.

గంటకు 60 నిమిషాలు. చుక్క పెట్టి రాసే అంకెకు 100 భాగాలు. మీరు 8.45 అని కొట్టగానే కంప్యూటర్ దాన్ని 8 గంటలు, ఇంకో గంటలో నూటికి 45 వంతులు అని తీసుకుంటుంది. అంటే 8 గంటల 27 నిమిషాలు. ఎనిమిదిన్నర కూడా కాదు. 8 గంటల 45 నిమిషాలను చుక్కతో రాస్తే 8.75 అవ్వాలి. రోజుకు పోయింది 18 నిమిషాలే కదా అనిపిస్తుంది. 26 రోజులకు లెక్క కట్టండి. మీ షీట్ 219.70 అంటుంది, అసలు రావలసింది 227.50. తేడా 7 గంటల 48 నిమిషాలు. దాదాపు ఒక రోజు పని మొత్తం! మిమ్మల్ని అడగడానికి వచ్చినవాళ్లు ఊరికే రాలేదు. ఇంకోటి చూడండి, 219.70లో చుక్క తర్వాత ఉన్నవి నిమిషాలే అయితే 70 నిమిషాలు ఎలా వస్తాయి? నిమిషాల జాగాలో 59 దాటిన అంకె కనిపించిందంటే ఆ షీట్‌లో ఎవరో గంటల్నీ చుక్కల్నీ కలిపేశారని అర్థం. పాత నెలల షీట్లు కూడా తీసి చూడండి. తగ్గించి ఇచ్చినవి ఉంటే పైవాళ్లకు చెప్పి సరిచేయించండి. మీరు చేరకముందు నెలలైనా సరే.

ఇక ఎక్సెల్ టైమ్‌ని ఎలా దాచుకుంటుందో ఒక్కసారి తెలిస్తే మిగతా రెండూ విడిపోతాయి. దానికి ఒక రోజు అంటే 1. మధ్యాహ్నం 12 అంటే 0.5. పొద్దున 9:00 అంటే 0.375. తేదీ అయినా అంతే, 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని లెక్కబెట్టుకుంటూ వచ్చిన రోజుల సంఖ్య అది. మనకు తెర మీద కనిపించే 17:45 అనేది పైన తొడిగిన చొక్కా మాత్రమే. లోపల ఉన్నది 0.739583. అందులోంచి 0.375 తీసేస్తే 0.364583 మిగులుతుంది. దాన్ని 24తో గుణిస్తే 8.75. మీకు కావలసిన గంటలు అవే. కాబట్టి బి2లో వచ్చిన టైమ్, సి2లో వెళ్లిన టైమ్ ఉంటే ఫార్ములా =(సి2-బి2)*24. ఫలితం ఉన్న సెల్‌ని టైమ్ ఫార్మాట్‌లో కాకుండా నంబర్ ఫార్మాట్‌లో పెట్టండి. (పత్రికలో తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాం, షీట్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.)

ఆ 16:00 మనిషి లెక్క ఇప్పుడు చూడండి. 26 రోజులు, రోజుకు 8 గంటలు, మొత్తం 208. అందులో 8 రోజులు నిండుగా పోగా మిగిలేవి 16 గంటలు. మామూలు టైమ్ ఫార్మాట్ గడియారం లాంటిది, 24 దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఆ 8 రోజులూ ఎక్కడికీ పోలేదు, సెల్ లోపలే ఉన్నాయి, చూపించడం లేదంతే. సెల్ ఫార్మాట్‌లో కస్టమ్‌లోకి వెళ్లి, గంటలను సూచించే హెచ్ అక్షరాన్ని స్క్వేర్ బ్రాకెట్లలో పెట్టి, కోలన్, ఆ తర్వాత రెండు ఎమ్‌లు కొట్టండి. 208:00 అని కనిపిస్తుంది. 24తో గుణించి నంబర్‌గా ఉంచుకున్నా ఈ బెడద ఉండదు. నాకైతే అదే ఇష్టం.

నైట్ షిఫ్ట్ దగ్గర #### ఎందుకంటే, రాత్రి 10కి వచ్చి పొద్దున 6కి వెళ్లినప్పుడు 6లోంచి 22 తీసేస్తే మైనస్ వస్తుంది. మైనస్ టైమ్‌ని ఎక్సెల్ చూపించలేదు. చాలామంది చెప్పే మందు =మాడ్(సి2-బి2,1). మైనస్ వచ్చినప్పుడు ఒక రోజు కలిపి 8 గంటలు సరిగ్గా ఇస్తుంది. పనిచేస్తుంది కానీ దీన్ని కళ్లు మూసుకుని వాడకండి. సాయంత్రం 6కి వెళ్లిన మనిషికి ఎవరో 18:00 బదులు 6:00 అని కొట్టారనుకోండి. మామూలు తీసివేత అయితే మైనస్ వచ్చి తప్పు బయటపడేది. మాడ్ పెట్టారు కాబట్టి 9:00 నుంచి 6:00 వరకు 21 గంటలు పనిచేశాడని నిమ్మళంగా రాసేస్తుంది. షిఫ్ట్ మీద షిఫ్ట్ చేసి 24 గంటలు దాటినవాళ్ల దగ్గర ఇంకో చిక్కు. 26 గంటలు ఉన్న మనిషికి 2 గంటలే ఇస్తుంది.

అందుకే నేను మాడ్ కంటే తేదీని, టైమ్‌ని కలిపేయమంటాను. మెషిన్ ఫైల్‌లో ఎ కాలమ్‌లో ఉద్యోగి నంబర్, బిలో తేదీ, సిలో టైమ్, డిలో ఇన్ లేదా అవుట్ ఉన్నాయనుకుందాం. ఇ కాలమ్‌లో =బి2+సి2 అని పెట్టండి. తేదీ పూర్ణాంకం, టైమ్ చుక్క తర్వాతి భాగం, రెండూ కలిస్తే ఫలానా రోజు ఫలానా క్షణం. ఇక రాత్రి దాటినా, నెల మారినా తీసివేతలో తప్పు రాదు.

ఆ తర్వాత వచ్చే పేచీ, పొద్దున 6:05కి పడిన అవుట్ పంచ్ ఏ రోజు ఖాతాలోకి వెళ్లాలన్నది. నిన్న రాత్రి షిఫ్ట్‌ది కాబట్టి నిన్నటి కిందికే రావాలి. మీ దగ్గర ఎవరూ రాని, ఎవరూ వెళ్లని వేళ ఒకటి వెతకండి. రాత్రి షిఫ్ట్ 6కి దిగి, పగటి షిఫ్ట్ 9కి ఎక్కేచోట అది 7:30 అనుకోవచ్చు. ఎఫ్ కాలమ్‌లో =ఇంట్(ఇ2-7.5/24) అని పెట్టి తేదీ ఫార్మాట్ ఇవ్వండి. రోజు అర్ధరాత్రి కాకుండా ఏడున్నరకి మారుతుందని షీట్‌కి చెప్పినట్టన్నమాట. రాత్రి 21:50 ఇన్, మర్నాడు 6:05 అవుట్ రెండూ ఒకే తేదీ కిందికి వస్తాయి. రాత్రి మనిషి ఓవర్‌టైమ్ (ఓటీ) చేసి 8 దాకా ఉండిపోయిన రోజు మాత్రం ఇది తప్పుతుంది, అలాంటివి చేత్తో చూసుకోవాలి.

ఇప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో రోజుకు గంటలు. మధ్యలో బ్రేక్‌కి వెళ్లి వస్తే నాలుగు పంచ్‌లు ఉంటాయి, ఒక్కోసారి ఆరు. జతలు కట్టాలని చాలామంది గంటలు గంటలు కూర్చుంటారు. అక్కర్లేదు. ఆ రోజు అవుట్‌లన్నీ కూడి, అందులోంచి ఇన్‌లన్నీ కూడి తీసేయండి, షరతుకు సరిపోయిన సెల్స్‌నే కూడే సమ్‌ఇఫ్స్ ఫార్ములాని రెండుసార్లు వాడితే సరి. 9:00 ఇన్, 13:00 అవుట్, 13:40 ఇన్, 17:45 అవుట్ తీసుకోండి. అవుట్‌ల మొత్తం 30:45, ఇన్‌ల మొత్తం 22:40, తేడా 8:05. విడివిడిగా కట్టినా పొద్దున 4 గంటలు, మధ్యాహ్నం నుంచి 4 గంటల 5 నిమిషాలు, అదే 8:05. తేదీతో కలిపి ఉన్న ఇ కాలమ్ మీద ఈ లెక్క చేస్తే ఇంకో మేలుంది. ఒక పంచ్ తప్పిపోయిందంటే ఫలితం పది లక్షల గంటలు దాటిన అంకెగానో, దానికి మైనస్‌గానో వచ్చి పడుతుంది, ఎందుకంటే జత లేని ఆ తేదీ సంఖ్య మొత్తం అలాగే మిగిలిపోతుంది. భయపడకండి. ఇలా అరిచి చెప్పే తప్పే మనకు మంచిది.

ఇవన్నీ చేసినా మొత్తం తగ్గుతోందంటే టైమ్‌లు అంకెలు కాకుండా అక్షరాలై ఉంటాయి. మెషిన్ ఫైళ్లలో టైమ్‌కి ముందో వెనకో కనిపించని ఖాళీ ఒకటి అంటుకుని వస్తుంటుంది. తీసివేత చేసేటప్పుడు ఎక్సెల్ చాలాసార్లు సర్దుకుపోయి దాన్ని అంకెగా మార్చుకుంటుంది. కూడిక చేసే సమ్ మాత్రం అక్షరాలున్న సెల్స్‌ని మాట్లాడకుండా వదిలేస్తుంది. పక్క కాలమ్‌లో =ఇజ్‌నంబర్(సి2) పెట్టి కిందిదాకా లాగండి. ఫాల్స్ వచ్చినవన్నీ అక్షరాలే. చక్కగా కనబడాలని టెక్స్ట్ ఫార్ములాతో గంటలు తెచ్చుకున్నా ఇదే జరుగుతుంది, కూడితే సున్నా. తేదీల్లో ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. ఫైల్‌లో రోజు ముందు, మీ కంప్యూటర్ సెట్టింగ్‌లో నెల ముందు ఉంటే, ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అయిపోతుంది. 12వ తేదీ దాకా ఇలా తారుమారై, 13 నుంచి మాత్రం అక్షరాలుగా మిగిలిపోతాయి. నెలలో మొదటి 12 రోజులు ఒక తీరుగా, మిగతావి ఇంకో తీరుగా కనబడితే వేరే ఎక్కడా వెతకొద్దు, కారణం అదే.

ప్రశ్న: మేడమ్, నేను షిఫ్టుల్లో పనిచేసే కార్మికుణ్ని. వెళ్లేటప్పుడు పంచ్ పడకపోతే ఆ రోజు మొత్తానికి సున్నా వేస్తున్నారు. అడిగితే, ‘మెషిన్ ఏం చెబితే అదే, షీట్‌లో మేం చేసేదేం లేదు’ అంటున్నారు. నిజంగా ఏమీ చేయలేరా? – మరో పాఠకుడు

జవాబు: చేయగలరు. చేయాలి కూడా. ఈ ప్రశ్నకు నా అనుభవమే చెబుతాను.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. షీట్ శుభ్రంగా ఉండాలని నాకు పట్టుదల. జత లేని పంచ్‌లు కనబడితే ఫిల్టర్ పెట్టి డిలీట్ చేసేసేదాన్ని. ఒక నెల జీతాలు పడిన మర్నాడు రాత్రి షిఫ్ట్‌లో గేటు దగ్గర ఉండే పెద్దాయన ఒకాయన నా టేబుల్ దగ్గరికి వచ్చి, చొక్కా జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి పెట్టాడు. అట్ట మాసిపోయి, మూలలు మడతలు పడి ఉంది. లోపల పెన్సిల్‌తో తేదీ, వచ్చిన టైమ్, వెళ్లిన టైమ్. ఒక్క రోజు కూడా వదల్లేదు. ఆయన లెక్క 208 గంటలు, నాది 200. సరిగ్గా ఒక షిఫ్ట్ తేడా. ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఒక్కో తేదీ మీద వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాం. 30 దాకా అన్నీ కలిశాయి. 31 దగ్గర ఆగిపోయాం. ‘అమ్మా, 31 రాత్రి నేనెక్కడికీ పోలేదు. తెల్లవార్లూ గేటు దగ్గరే ఉన్నా’ అన్నాడాయన. గొంతు పెంచలేదు. నోట్‌బుక్‌లో ఆ గీత మీద వేలు అలాగే ఉంచాడు.

ఆయన 31 రాత్రి పదికి లోపలికి వచ్చాడు. బయటికి వెళ్లింది 1వ తేదీ పొద్దున. నేను మెషిన్ నుంచి దించుకున్న ఫైల్ 31తో ఆగిపోయింది. ఇన్ ఉంది, అవుట్ లేదు. జత లేదని ఆ ఇన్‌ని కూడా నా చేత్తోనే తీసేశాను. మెషిన్ తప్పేమీ లేదు. రాసి ఉంచినదాన్ని చెరిపింది నేను. వెంటనే పైవాళ్లకు చెప్పి ఆ 8 గంటలూ వేయించాను. కానీ అంతకుముందు నెలల్లో నోట్‌బుక్ రాసుకోని వాళ్లవి ఎన్ని పోయాయోనన్న బాధ ఇప్పటికీ ఉంది.

ఆ రోజు నుంచి ఫైల్ దించేటప్పుడు నెలకు ముందు ఒక రోజు, వెనక ఒక రోజు కలిపే దించుతాను. మెషిన్ ఇచ్చిన షీట్ మీద అసలు చెయ్యి పెట్టను. దాన్ని అలాగే ఉంచి, కాపీ మీద పని. జత లేనివాటిని డిలీట్ చేయను, పక్కన గుర్తు పెడతాను. రోజుకు ఎన్ని పంచ్‌లు పడ్డాయో కౌంట్‌ఇఫ్స్‌తో లెక్కబెట్టి, బేసి సంఖ్య వచ్చిన రోజులకు రంగు వేస్తే ఒక్క చూపులో దొరుకుతాయి. వేలు సరిగ్గా పడలేదేమోనని రెండోసారి పెట్టినప్పుడు ఒకే మనిషికి నిమిషంలో రెండు పంచ్‌లు పడతాయి. అలాంటివి రెండో దాని పక్కన ‘రిపీట్’ అని రాసి లెక్కలోంచి తప్పిస్తాను, షీట్‌లో ఆ వరస మాత్రం అక్కడే ఉంటుంది. నిజంగా తప్పిపోయిన పంచ్ అయితే ఆ మనిషిని, సూపర్‌వైజర్‌ని అడిగి, వేసిన టైమ్‌ని వేరే కాలమ్‌లో పెట్టి, ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు అని పక్కన రాస్తాను.

పంచింగ్ మెషిన్ నూటముప్పై ఏళ్ల పైబడిన వస్తువు. అమెరికాలో విలార్డ్ బండీ అనే నగల వ్యాపారి 1890లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఒక్కో కార్మికుడికి సొంత నంబరున్న తాళంచెవి ఇచ్చేవారు. అది గడియారంలో పెట్టి తిప్పితే కాగితం మీద నంబరు, టైమ్ అచ్చు పడేవి. తాళంచెవి పోయి వేలిముద్ర వచ్చింది, ముఖం చూసే కెమెరా వచ్చింది, కానీ మెషిన్ చేసే పని ఇప్పటికీ అదే: ఈ నంబరు మనిషి ఈ క్షణంలో ఇక్కడ నిలబడ్డాడని రాసిపెట్టడం. పంచ్ పడలేదంటే పంచ్ పడలేదనే అర్థం, పని చేయలేదని కాదు. పొద్దున ఇన్ ఉన్న మనిషికి సున్నా వేస్తే, మెషిన్ ఇచ్చిన సాక్ష్యాన్ని కూడా సగం కొట్టేసినట్టే కదా.

మీరూ ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. పంచ్ పడని రోజు రాత్రే, తోటివాళ్లకు ఇంకా గుర్తుండగానే, టైమ్ రాసి సూపర్‌వైజర్‌కి చూపించండి. నెలాఖరు దాకా ఆగితే ఎవరికీ గుర్తుండదు.

ప్రశ్న: 15 నిమిషాల లెక్కన టైమ్‌ని రౌండ్ చేయమంటున్నారు. వచ్చిన టైమ్ పైకి, వెళ్లిన టైమ్ కిందికి. ఓటీ కూడా అలాగే తీయాలా? – ఇంకో పాఠకురాలు

జవాబు: ఆ పద్ధతిలో రెండు వైపులా కోత ఉద్యోగికే పడుతుంది. 8:46కి వచ్చిన మనిషి 9:00కి వచ్చినట్టు, 17:59కి వెళ్లిన మనిషి 17:45కే వెళ్లినట్టు అవుతుంది. రోజుకు 28 నిమిషాలు, 26 రోజులకు 12 గంటల 8 నిమిషాలు. ఇంత సమయాన్ని ఒక నియమం పేరుతో చెరపమంటున్నారన్న సంగతి, ఈ అంకెలతోనే, చెప్పినవాళ్ల ముందు పెట్టండి. మీకు వర్తించే చట్టం, ఉద్యోగ ఒప్పందం ఏమంటున్నాయో రాతపూర్వకంగా అడగండి. రౌండ్ చేయక తప్పకపోతే అసలు టైమ్ ఒక కాలమ్‌లో అలాగే ఉంచి, రౌండ్ చేసింది పక్క కాలమ్‌లో పెట్టండి.

ఓటీకి ముందు గంటల్ని నిమిషాలుగా మార్చుకోండి: =రౌండ్((అవుట్-ఇన్)*1440,0). రోజుకు 1440 నిమిషాలు కదా. రోజులో వంతులుగా ఉన్న టైమ్‌కి చుక్క తర్వాత పొడవాటి తోక ఉంటుంది. సరిగ్గా 8 గంటలు చేసినా అప్పుడప్పుడు 8 కంటే వెంట్రుకవాసి తక్కువని తేలి పోలిక తప్పుతుంది. నిమిషాలు పూర్ణాంకాలైతే ఆ అనుమానమే ఉండదు. ఆ నిమిషాలు జి కాలమ్‌లో ఉంటే ఓటీ =మ్యాక్స్(0,జి2-480).

అయితే ఓటీని రోజు మీద తీయాలా, వారం మీద తీయాలా అన్నది ముందే తేల్చుకోండి. ఒక రోజు 10 గంటలు, ఇంకో రోజు 6 గంటలు చేసిన మనిషికి రోజు లెక్కన 2 గంటల ఓటీ వస్తుంది, రెండూ కలిపి చూస్తే ఏమీ రాదు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన మొట్టమొదటి ఒప్పందం పరిశ్రమల్లో పనిగంటల మీదే. అందులో కూడా రోజుకు 8, వారానికి 48 అని రెండు హద్దులూ ఉన్నాయి. మీ దగ్గర ఏది వర్తిస్తుందో తెలియకుండా ఫార్ములా రాయకండి.

లెక్క పంపేముందు ముగ్గురిని తీసుకుని కాగితం మీద చేత్తో కట్టి చూడండి. పగటి షిఫ్ట్ మనిషి ఒకరు, రాత్రి షిఫ్ట్ మనిషి ఒకరు, పంచ్ తప్పిపోయిన మనిషి ఒకరు. షీట్‌తో నిమిషం కూడా తేడా రాకూడదు. ఆ తర్వాత ఎవరి గంటల కాగితం వాళ్లకు, జీతాలకు రెండు రోజుల ముందే, చేతికివ్వండి.